జాగిలాలకు మండలంలోనే నమోదు కల్పించండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కంది కోతలు ముగిసి చేలు ఖాళీ అయ్యే రోజుల్లో మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల వైపు తెల్లవారుజామున ఒకసారి వచ్చి చూడండి. మోటారు సైకిల్ మీద ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్న ఒక కుక్క కనిపిస్తాయి. సన్నని నడుము, పొడవాటి మూతి, వీపు మీద చలికి లేచిన వెంట్రుకలు. వాళ్లు కుందేళ్ల వేటకు పోతున్నారని ఊరందరికీ తెలుసు. ఆ కుర్రాళ్ల సంగతి అటవీ శాఖ చూసుకోవాలి. మధ్యలో కూర్చున్న కుక్క మాత్రం మీ శాఖ బాధ్యత. అది ఎక్కడ పుట్టింది, దాని తల్లి ఎన్నిసార్లు ఈనింది, టీకా పడిందా లేదా, రేపు కాలు విరిగితే దాన్ని ఎవరు చూస్తారు? వీటిలో ఒక్క ప్రశ్నకూ మన జిల్లాలో ఏ కార్యాలయంలోనూ జవాబు దొరకదు. గేదె చెవికి పోగు వేసి లెక్క రాస్తున్నారు. గొర్రెల మందకు టీకాలు వేసి పుస్తకంలో ఎక్కిస్తున్నారు. పది వేలకూ పాతిక వేలకూ చేతులు మారే జాగిలానికి, అంటే ఇలాంటి వేటకుక్కకు, మాత్రం కాగితమే లేదు.

నేను జాగిలాలు పెంచేవాణ్ని. మా తాతల కాలం నుంచి ఇంట్లో ఇవి ఉన్నాయి, అప్పట్లో గొర్రెల మందకు కాపలాగా ఉండేవి. కాబట్టి ఇది కుక్కలంటే గిట్టనివాడు రాస్తున్న లేఖ అనుకోకండి.

మన దగ్గర కనిపించే జాగిలాల్లో ఎక్కువ భాగం ముధోల్, కారవాన్ రకాలవి. ముధోల్ ఊరు కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో, కృష్ణకు ఉపనది అయిన ఘటప్రభ ఒడ్డున ఉంది. ఈ జాతిని అక్కడి పాలకుడు మాలోజీరావు ఘోర్పడే నిలబెట్టాడని చెబుతారు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు తెస్తే వాటిలో ముధోల్ ఒకటి. కర్ణాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీన్ని దేశీ జాతిగా నమోదు చేసింది. సైన్యం కూడా ఈ పిల్లలను మీరట్‌కు తీసుకుపోయి శిక్షణ ఇచ్చింది. కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం ముధోల్ పక్కనే తిమ్మాపూర్‌లో శునక పరిశోధన కేంద్రం పెట్టి, జాతి చెడకుండా పిల్లలను పుట్టించి పెంపకందారులకు ఇస్తోంది. మనకు రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పేరిట పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పాలమూరులో ఇన్ని జాగిలాలు ఉన్నాయి. ఈ రెండింటికీ ఇప్పటివరకూ పరిచయం జరగలేదు.

ఈలోగా జాతి మారిపోతోంది. పరుగు పెరగాలని ముధోల్ ఆడకుక్కకు గ్రేహౌండ్ అనే విదేశీ పరుగు జాతి పోతును జత కట్టిస్తున్నారు. వ్యాపారం కోసం విదేశీ కుక్కలను దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రం 2016లోనే ఆపినా, అంతకు ముందే వచ్చిన గ్రేహౌండ్ల సంతానం దేశంలో కావలసినంత ఉంది. పంజాబ్ పల్లెల్లో వీటితో పరుగు పందేలు ఏళ్ల తరబడి నడిచాయి. గ్రేహౌండ్‌ను వేరే జాతితో కలిపి పుట్టించిన వేటకుక్కను ఇంగ్లండ్‌లో లర్చర్ అంటారు, మన దగ్గర క్రాస్ అంటున్నారు. క్రాస్ చేయడమే తప్పని నేను అనను. కొన్ని చక్కటి కుక్కలే పుడతాయి. కానీ ఎవరి దగ్గర ఏ పోతు ఉందో రాసి పెట్టుకునేవాడు లేనప్పుడు, మూడో ఈతకల్లా తండ్రికీ కూతురికీ జత కట్టించడం తెలిసో తెలియకో జరిగిపోతుంది. అలా పుట్టిన పిల్లలను ‘ఒరిజినల్ ముధోల్’ అని ఫోనులో ఫొటో పెట్టి, నెల రోజులకే తల్లి నుంచి విడదీసి అమ్ముతున్నారు. టీకా వేసే వయసు కూడా రాని ఆ పిల్లలు పార్వో రోగంతో రక్త విరేచనాలు పట్టుకుని వారంలో పోతాయి. కొన్నవాడు అమ్మినవాణ్ని తిడతాడు, ఫోను కలవదు, అంతటితో కథ ముగుస్తుంది.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాలపై నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కను, 8 ఏళ్లు దాటినదాన్ని జత కట్టించకూడదు. వరుసగా రెండు ఎదల్లో ఈనించకూడదు. జీవితం మొత్తం మీద 5 ఈతలు దాటకూడదు. 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. మంచి నియమాలు, ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. చిక్కంతా ఎక్కడుందంటే, నమోదుకు రుసుము 5,000 రూపాయలు, కార్యాలయం ఉండేది హైదరాబాద్‌లో. రెండేళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి. ఏడాదికి ఒక ఈత, నాలుగు పిల్లలు అమ్ముకునే గొర్రెల కాపరి కూడా నియమాల లెక్కలో పెంపకందారుడే. నగరంలో పాతిక బోనులు పెట్టుకుని నడిపేవాడూ పెంపకందారుడే. మొదటివాడికి ఈ నియమాలున్నాయని తెలియదు. రెండోవాడికి తెలుసు, అడిగేవారు లేరనీ తెలుసు.

అందుకే నా మొదటి విన్నపం. ఈ నమోదును మండల పశువుల ఆసుపత్రిలోనే చేసే ఏర్పాటు చేయండి. దరఖాస్తు అక్కడ తీసుకుని, కుక్కను పశువైద్యుడు కళ్లారా చూసి, చర్మం కింద గుర్తింపు సంఖ్య ఉన్న మైక్రోచిప్ వేసి, కాగితాలు మండలికి పంపితే చాలు. రుసుము కేంద్ర నియమం కాబట్టి తగ్గించలేమంటే, ఒకటి రెండు ఆడకుక్కలే ఉన్నవారి తరఫున శాఖే ఆ సొమ్ము కట్టవచ్చు. గొర్రెల పంపిణీకి ఖర్చు పెట్టిన రాష్ట్రానికి ఇది లెక్కలోకి రాని మొత్తం. తల్లి చిప్ సంఖ్య లేకుండా పిల్లను అమ్మడం నేరమని ఊరూరా చాటింపు వేయించండి. అప్పుడు నెలపిల్లలను అమ్మే దళారీని పట్టుకోవడం పోలీసుకైనా పంచాయతీ కార్యదర్శికైనా తేలికవుతుంది.

రెండో విన్నపం పశువైద్యుల గురించి. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఉదయం నుంచి గేదెలు, మేకలు, కోళ్లతో తలమునకలై ఉండే వైద్యుడికి జాగిలం శరీరం వేరని ఎవరూ చెప్పలేదు. దీనికి కొవ్వు దాదాపు ఉండదు. గ్రేహౌండ్ రక్తం ఉన్నదానికి థయోపెంటాల్ లాంటి మత్తుమందు ఇస్తే కాలేయం దాన్ని మెల్లగా విడగొడుతుంది, గంటల తరబడి లేవదు. రక్త పరీక్ష చేస్తే ఎర్ర కణాలు ఎక్కువగా, ప్లేట్‌లెట్లు తక్కువగా, థైరాయిడ్ హార్మోను తక్కువగా కనిపిస్తుంది. గ్రేహౌండ్‌కు అది ఆరోగ్యమే, కాని మామూలు కుక్కల పట్టికతో పోల్చి లేని రోగానికి మందులు రాస్తారు. దీని చర్మం ఎంత పలచనో ముళ్లకంచెకు తగిలినప్పుడు తెలుస్తుంది. మామూలు ఊరకుక్కకు గీత పడే చోట దీనికి భుజం నుంచి పక్కటెముకల దాకా చర్మం విడిపోయి లోపలి కండ బయటపడుతుంది. అడవి పందుల కోసం చేల చుట్టూ ముళ్లతీగలు పెరిగిన కొద్దీ ఇలాంటి గాయాలూ పెరిగాయి. విశ్వవిద్యాలయం వారు ఈ విషయాలన్నీ ఒక్క పేజీలో రాసి ప్రతి మండల ఆసుపత్రి గోడకు అంటించేలా చూడండి. కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే శిబిరాల్లోనైతే ఇది మరీ అవసరం.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. గ్రేహౌండ్ గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, కానీ ఆ వేగం అర నిమిషం కోసం పుట్టినది. బ్రిటన్ పందేల మైదానాల్లో దాదాపు 480 మీటర్ల పరుగు 30 సెకన్ల లోపే ముగుస్తుంది. అంతమాత్రానికే ఒంటి వేడి 41 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ మనవాళ్లు మార్చిలో పది గంటల ఎండలో, నల్లరేగడి నెర్రెల మీద, ఒక కుందేలు తప్పిపోతే ఇంకొకదాని వెంట వదులుతారు. కుక్క నాలుక పక్కకు వేలాడుతుంది, చిగుళ్లు ఇటుక రంగుకు మారతాయి, వెనక కాళ్లు కొయ్యబారి నడక తూలుతుంది. మూత్రం కాఫీ డికాక్షన్‌లా వచ్చిందంటే కండరాలు చితికి ఆ రంగు మూత్రపిండాల్లోకి దిగిందన్నమాట. అప్పుడు చేయవలసింది ఒక్కటే. ఉన్నచోటనే బోరు మోటారు కింద పెట్టి కడుపు, తొడల లోపలి భాగం తడుపుతూ, గాలి తగలనిస్తూ, ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. చాలామంది నీడన పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం త్వరగా పోతుంది.

పెంచేవాళ్లకూ తెలియనివి చాలా ఉన్నాయి. జాగిలం మెడ తల కంటే లావు. బజారులో దొరికే మామూలు పట్టీ వేస్తే, బస్సు హారన్‌కు బెదిరి చెవులు వెనక్కి మడిచి రెండడుగులు వెనక్కి వేస్తుంది, అంతే, పట్టీ మీ చేతిలో ఉంటుంది, కుక్క జాతీయ రహదారి మీద ఉంటుంది. నాలుగు వేళ్ల వెడల్పు ఉండి, లాగితే కాస్త బిగుసుకునే పట్టీ వేయాలి. ఎముకలు గట్టిపడక ముందే, ఆరేడు నెలల పిల్లను బండి వెనక పరిగెత్తించకూడదు. మేకపిల్లలు, కోళ్ల మధ్య చిన్ననాడే తిప్పకపోతే పెద్దయ్యాక అదుపు చేయలేరు. కంటికి కదిలింది కనపడితే చెవి పనిచేయని జంతువు ఇది. తిండి విషయంలో రెండు వైపులా అజ్ఞానమే. చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపిస్తే జాగిలం సరిగ్గా ఉన్నట్టు. మా వీధిలో వాళ్లు అది చూసి నన్ను పిసినారి అంటారు, అననివ్వండి. కానీ నడుము ఎముకలు పొడుచుకు వచ్చేలా, పరుగు తేలికవుతుందని జొన్న గట్కతో సరిపెట్టేవాళ్లు ఉన్నారు. అది హింస.

ఇక వేట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేటకిచ్చిన నిర్వచనంలోనే కుక్కలతో తరమడం ఉంది. తుపాకీ లేకపోయినా, జంతువు దొరకకపోయినా నేరమే. కృష్ణా తీరంలో కృష్ణజింకలు చేలలోనే తిరుగుతుంటాయి. అవి ఆ చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువులు, వాటి మీదికి కుక్కను వదిలితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. జింకలు పంట తింటున్నాయన్న రైతు బాధ నిజమే, నా చేను కూడా తిన్నాయి. దానికి పరిహారం అడగాలి, కుక్కను కాదు పంపవలసింది. మా తాతలు వేటాడారు, మన సంప్రదాయం అనే మాట కూడా నాకు తెలుసు. వాళ్ల కాలంలో ఊరికి రెండు జాగిలాలుండేవి, పెట్రోలు బండ్లు, తలకు కట్టుకునే లైట్లు లేవు.

వేటగాళ్లు దొరికినప్పుడు జరిగేది కూడా మీకు చెప్పాలి. నేను చూసిన ఒక సందర్భంలో బండ్లు స్టేషన్‌కు చేరాయి, మనుషుల పేర్లు రాసుకున్నారు. కుక్కలు సాయంత్రం దాకా వేపచెట్టుకు కట్టేసి ఉన్నాయి. మర్నాటికి అవి లేవు. ఎవరు తీసుకుపోయారో ఎవరికీ పట్టలేదు. కుంటివి, ముసలివి అయినవాటిని వేట కాలం ముగిశాక రోడ్డు పక్కన దించి పోవడం కూడా మామూలే. ఇంగ్లండ్‌లోనూ ఇదే బెడద. అక్కడ 2004 చట్టంతో కుందేలు మీదికి కుక్కలను వదలడాన్ని నిషేధించినా దొంగచాటుగా సాగుతూనే ఉంది. అందుకే 2022లో చట్టం బిగించారు. పట్టుబడిన కుక్కల పోషణ ఖర్చు దోషి నుంచి రాబట్టడానికి, అతను మళ్లీ కుక్కను ఉంచుకోకుండా చేయడానికి కోర్టుకు అధికారం ఇచ్చారు. మనకూ 2017లో వచ్చిన ఇంకొక నియమావళి ఉంది. జంతుహింస కేసులో పట్టుబడిన జంతువు వైద్యం, తిండి ఖర్చు యజమాని మీద వేయవచ్చు. జంతుహింస నివారణ మూల చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే కాబట్టి, నిజంగా జేబుకు తగిలేది ఈ ఖర్చే. అటవీ, పోలీసు శాఖలతో మీ శాఖ కూర్చుని, పట్టుబడిన జాగిలాన్ని ఎక్కడ ఉంచాలో, ఎవరు పరీక్షించాలో, ఎన్నాళ్లకు కొత్త ఇంటికి ఇవ్వాలో రాసి పెట్టుకోవాలి. పాత ఉమ్మడి పాలమూరుకు ఒకటి, నల్లగొండకు ఒకటి ఆశ్రయాలు చాలు. అమ్రాబాద్ అడవి ఈ రెండు జిల్లాల వైపూ విస్తరించి ఉంది. టీకాల్లేని కుక్కలు ఆ అంచుల్లో తిరిగితే రేబీస్, డిస్టెంపర్ అడవి జంతువులకు అంటుతాయని మీ అధికారులకు నేను చెప్పనక్కరలేదు.

జాగిలాలను నిషేధించండి అనే సలహా కూడా మీ ముందుకు వస్తుంది. దయచేసి వినకండి. నిషేధిస్తే కాపరి చేతిలోని కుక్క పోతుంది, దళారీ చేతిలోనిది ఇంకో పేరుతో మిగులుతుంది.

నా ఆడకుక్కకు రెండేళ్లు నిండాయి, ఇంతవరకూ ఈనలేదు. వానలు వెనకబట్టాక ఎదకు వస్తుంది. నియమం ప్రకారమే జత కట్టించాలని ఉంది. పోతును కూడా చూసి పెట్టాను, అది రాయచూరు వైపుది, రక్త సంబంధం లేనిది. నమోదు ఎక్కడ చేయించాలని మా మండల ఆసుపత్రిలో అడిగితే, అలాంటిది ఉన్నట్టు తమకు ఆదేశాలు రాలేదన్నారు. ఆ ఆదేశం భాద్రపదం లోపల వస్తే, మొదటి దరఖాస్తు నాదే తీసుకోమని వాళ్లకు చెప్పి ఉంచాను.

ఇట్లు,
ఒక జాగిలాల పెంపకందారుడు,
మక్తల్ ప్రాంతం, నారాయణపేట జిల్లా