పిల్లలకు కరెంటు మీటరు చూపించండి

సంపాదకుడికి,

డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం. ఆ రోజు బడుల్లో పిల్లలు ఏడుస్తున్న భూగోళాన్ని, నవ్వుతున్న బల్బును గీసి బహుమతులు తెచ్చుకుంటారు. ఇంట్లో కరెంటు దేనికి ఖర్చవుతోందో మాత్రం తెలియదు. ఫోను ఛార్జరు ప్లగ్గులో ఉంచేశానని మా మనవడు నాతో తగువుకొస్తాడు. తనేమో ఏసీ 18లో పెట్టుకుని దుప్పటి కప్పుకుంటాడు. ఒక్క యూనిట్‌తో ఫోను సుమారు యాభైసార్లు ఛార్జి అవుతుందనీ, అదే యూనిట్‌ను 2000 వాట్ల గీజరు అరగంటలో తాగేస్తుందనీ వాడికి ఎవరు చెప్పారు గనక?

చెప్పడం కన్నా చూపించడం తేలిక. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. పక్కన 3200 అని రాసి ఉంటే, అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. ఇంట్లో అన్నీ ఆపేసి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బొక్కటే వేస్తే రెండు నిమిషాలకోసారి మెరుస్తుంది. గీజరు వేయండి, సెకనుకు దాదాపు రెండుసార్లు! ఆ లెక్క పిల్లల చేతే కట్టించాలి. పెద్దలు పక్కనుండాలి, మీటరు ముట్టుకోనివ్వకూడదు సుమా.

'ఎందుకు పొదుపు?' అని అడిగితే పరవాడ వైపు చూపిద్దాం. అక్కడి 2000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఒడిశాలోని తాల్చేరు నుంచి రైళ్లలో బొగ్గు వస్తుంది. అలాంటి చోట యూనిట్‌కు అరకిలో పైనే బొగ్గు మండాలి, తర్వాత బూడిద మిగులుతుంది. మన ముడసర్లోవ రిజర్వాయరు మీద తేలే సోలార్ పలకల సామర్థ్యం 2 మెగావాట్లే, అంటే సింహాద్రిలో వెయ్యో వంతు. బొగ్గు అవసరం ఇప్పట్లో తీరేది కాదని పిల్లలకూ అర్థమవుతుంది.

విశాఖ ఉక్కపోతలో ఏసీ మానెయ్యమంటే ఎవరూ వినరు, నేనూ వినను. 26లో పెట్టి ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది. గీజరు స్నానానికి ముందు వేసి, నీళ్లు కాగగానే ఆపేయాలి.

చిక్కల్లా అపార్టుమెంట్లలో. మీటర్లు సెల్లారులో తాళం వేసిన గదిలో ఉంటాయి. నెలకో ఆదివారం ఆ తాళం తీయమని అసోసియేషన్లను కోరుతున్నాను. ఈసారి డిసెంబరులో బొమ్మల పోటీ బదులు వారం రోజుల మీటరు రీడింగులు రాసుకు రమ్మని టీచర్లు హోంవర్కు ఇస్తే బాగుంటుంది.

- ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం