బీకాం సిలబస్ మీటింగుకు జువాలజీ మేడమ్‌ను కూడా పిలవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

భీమవరంలో ఒక రొయ్యల మేత డీలరు దగ్గర 2011 నుంచి లెక్కలు రాస్తున్నాను. సాయంత్రం పూట ఇద్దరు ముగ్గురు చెరువుల రైతుల పుస్తకాలు కూడా చూస్తాను. బీకాం చదివింది ఈ జిల్లాలోనే. తర్వాత ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎంకాం పూర్తి చేశాను. నేను చదివిన కాలేజీ ఇప్పుడు అటానమస్ అయింది. అటానమస్ కాలేజీల్లో సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థుల నుంచి ఒకరు ఉండాలని యూజీసీ నిబంధన. ఆ పూర్వ విద్యార్థిగా ఈ మధ్య నన్ను పిలిచారు. చదువు చెప్పిన సార్ల పక్కన కూర్చోవడం చాలా సంతోషంగా అనిపించింది. కానీ ఆ మీటింగులో ఒక విషయం నన్ను బాధపెట్టింది. అది రాయాలనే ఈ ఉత్తరం.

మీటింగు గంటన్నర సాగింది. వచ్చిన వాళ్లందరూ కామర్స్ వాళ్లే. సిలబస్ ముందే టైపు చేసి ఉంది. మూడో యూనిట్‌లోని ఒక పాఠం రెండో యూనిట్‌లోకి జరిగింది, రెండు పుస్తకాలకు కొత్త ఎడిషన్ల పేర్లు పడ్డాయి. వరండా దాటితే జువాలజీ ల్యాబ్. అక్కడ ఆక్వాకల్చర్ చెప్పే మేడమ్ ఉన్నారు. మేడ మీద స్టాటిస్టిక్స్ సార్ ఉన్నారు. వాళ్లను కూడా పిలిస్తే బాగుంటుంది కదా సార్ అని అడిగాను. "వాళ్ల బోర్డు వాళ్లకుంది కదయ్యా" అన్నారు మా పాత మాస్టారు. ఆయన తప్పేమీ లేదు, పద్ధతే అలా ఉంది.

ఆ పద్ధతి ఎందుకు మారాలంటున్నానో నా అనుభవంతోనే చెబుతాను. మా యజమానికి షాపుతో పాటు ఉండి అనే ఊరి దగ్గర పదెకరాల లీజు చెరువు ఉండేది. నేను చేరాక వచ్చిన మొదటి మార్చి 31, అంటే 2012లో, గోడౌన్‌లో మేత బస్తాలు లెక్కపెట్టాను, మందుల డబ్బాలు రాశాను, డీజిల్ కూడా కొలిచి రాశాను. క్లోజింగ్ స్టాక్ (ఏడాది చివర మిగిలిన సరుకు లెక్క) అయిపోయిందనుకున్నాను. చెరువులో డెబ్భై రోజుల పంట ఉంది. దానికి నేను వేసిన విలువ సున్నా. సీడ్ (రొయ్య పిల్లలు) కొన్నది, మేత వాడింది అంతా ఖర్చు కింద పోయింది. పుస్తకంలో పెద్ద నష్టం తేలింది. "చెరువు నిండా సరుకు పెట్టుకుని నష్టం చూపిస్తావేంటయ్యా?" అన్నారు ఆయన. నాకు నోట మాట రాలేదు. మూడేళ్ల బీకాంలో గుడ్డల కొట్టు స్టాకు, ఫ్యాక్టరీలో సగం తయారైన సరుకు స్టాకు లెక్కకట్టాను. ప్రాణం ఉండి, రోజూ పెరుగుతూ, కంటికి కనపడకుండా నీళ్లలో ఉండే సరుకును ఎలా లెక్కకట్టాలో నాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మేత కంపెనీ టెక్నీషియన్ వెంట గట్టు మీదకు వెళ్లాను. చెరువు మీద పనిచేసే కుర్రాడు విసురువల తెచ్చాడు. మేత వేసే చోట వేయొద్దు, అక్కడ బలిసినవే పడతాయి అన్నాడు టెక్నీషియన్. నాలుగు మూలలా నాలుగుసార్లు, మధ్యలో ఒకసారి వేయించాడు. పడిన వాటిని టబ్బులో కలిపి, అందులోంచి అరకిలో తూచి, ఒక్కొక్కటీ నా చేతే లెక్కపెట్టించాడు. 31 వచ్చాయి. ఒక్కోటి 16 గ్రాములు, అంటే సుమారు 62 కౌంట్. (కిలోకు ఎన్ని తూగితే అదే కౌంట్, మన వైపు చిన్నపిల్లలకూ తెలుసు.) తర్వాత చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసి ఎన్ని బతికి ఉంటాయో ఒక అంచనా వేశాడు.

ఎకరానికి లక్ష పిల్ల వేశామనుకోండి. 75 శాతం బతికితే 75,000. ఒక్కోటి 16 గ్రాములైతే 1,200 కిలోలు. కానీ బతికింది 60 శాతమే అయితే 960 కిలోలు. తేడా 240 కిలోలు. కిలో 300 రూపాయలనుకుంటే ఎకరానికి 72,000. పదెకరాలకు 7,20,000. లాభమో నష్టమో తేల్చేది ఆ ఒక్క బతుకు శాతం. వల ఎక్కడ వేయాలి, ఎన్నిసార్లు వేయాలి అన్నది స్టాటిస్టిక్స్. ఎంత మేత తింటే ఎన్ని బతికినట్టు అన్నది జువాలజీ. వచ్చిన అంకెను పుస్తకంలో ఎక్కడ రాయాలన్నది కామర్స్. ఈ మూడూ తెలిసిన మాస్టార్లు ఒకే కాంపౌండులో ఉండి కూడా, నేను ఆ లెక్క గట్టు మీద నేర్చుకున్నాను.

ఇదేమీ పల్లెటూరి లెక్క కాదు. పెద్ద కంపెనీలు పాటించే అకౌంటింగ్ ప్రమాణాల్లో ఇండ్ ఏఎస్ 41 అని వ్యవసాయం కోసమే ఒకటుంది. బతికున్న పశువులు, చేపల్లాంటి వాటికి ఆ రోజు మార్కెట్ విలువ కట్టి, అమ్మకపు ఖర్చులు తీసేసి చూపాలని అది చెబుతుంది. చెరువుల మధ్య ఉన్న కాలేజీలో ఆ పాఠం ప్రాక్టికల్‌తో సహా చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు?

మొన్న వేసవిలో మా షాపుకు ఇంటర్న్‌షిప్ కోసం ఒక బీకాం అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న చెరువుల మీద కూలి. కౌంటు, పట్టుబడి (పంట పట్టడం), వైట్ స్పాట్ రోగం వస్తే ఏం చేస్తారు, అన్నీ నాకంటే బాగా చెప్పింది. "ఇవన్నీ మీ ప్రాజెక్టు రిపోర్టులో రాయమ్మా" అంటే, "ఇవి సిలబస్‌లో లేవు కదండీ" అంది. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. తన ఇంట్లో ఉన్న విద్యకూ కాలేజీలో చదివే విద్యకూ సంబంధం లేదని ఆ పిల్ల నమ్మేసింది.

ఆ అమ్మాయే ఇంకో ప్రశ్న కూడా అడిగింది. బ్యాంకులో డబ్బు పడితే మెసేజ్‌లో క్రెడిట్ అని వస్తుంది, మన పుస్తకంలో మాత్రం డెబిట్ రాయమంటారు, ఎందుకని? రెండేళ్లుగా అర్థం కాకుండానే బట్టీ పట్టి రాస్తోందట. "మన డబ్బు బ్యాంకు మనకు బాకీ ఉంది. ఆ మెసేజ్ వాళ్ల పుస్తకంలోని మాట" అన్నాను. వెంటనే అర్థమైంది. అర్థం చేయించింది బాకీ అన్న మాట. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మీడియం. పిల్లలు ఇంగ్లిష్‌లో రాయాల్సిందే, కాదనను. కానీ చిట్టా, ఆవర్జా, పద్దు, జమ, నిల్వ అని తరతరాలుగా లెక్కలు రాసిన భాష మనది. తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లూ కామర్స్ వాళ్లూ నాలుగు రోజులు కూర్చుంటే ఈ మాటలతో ఒక చిన్న పుస్తకం తయారవుతుంది. ఫస్ట్ ఇయర్ పిల్లల సగం టెన్షన్ దాంతో తగ్గుతుంది.

ఎకనామిక్స్ సంగతీ అంతే. నేను డిగ్రీ పూర్తి చేసిన 2011లోనే, సార్వా (ఖరీఫ్)లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పండిస్తే వచ్చే నష్టం కంటే బీడు పెట్టడమే మేలని ఊళ్లకు ఊళ్లు నిర్ణయించుకున్నాయి. కాస్టింగ్‌లో మేం చదివిన షట్‌డౌన్ పాయింట్ అదే. ఎకనామిక్స్‌లో అదే విషయం ఇంకో పేరుతో, ఇంకో బొమ్మతో చదివాం. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు, మాకూ తట్టలేదు. గోదావరి అవతల రైతులు చేస్తున్నది అదేనని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత.

2025 ఆగస్టు చివర్లో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మా షాపు ముందు రైతులు అడిగింది ఒక్కటే ప్రశ్న. ఇప్పుడే పట్టేయాలా, ఆగాలా? ఇంకో రెండు వారాలు ఆగితే కౌంటు ఎంత మారుతుంది, ఆ రెండు వారాల మేతకూ కరెంటుకూ ఎంతవుతుంది, ఈలోపు రోగం వచ్చే అవకాశమెంత, ధర ఇంకా పడుతుందా. ఏ ఒక్క డిపార్ట్‌మెంటూ ఒంటరిగా జవాబు చెప్పగల ప్రశ్న కాదిది. నా మటుకు నేను ఖర్చుల లెక్క ఒక్కటే చెప్పగలిగాను. మిగతాది వాళ్ల ధైర్యానికే వదిలేశాను.

రొయ్యలే కాదు, నరసాపురం లేసుకూ ఆత్రేయపురం పూతరేకులకూ జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు ఉంది. అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్ ఉంది. ఒక్కోదానికి ఏ డిపార్ట్‌మెంట్ సాయం కావాలో మాస్టార్లకే నాకంటే బాగా తెలుసు.

దీనికి అడ్డమేమిటో కూడా నాకు తెలుసు. వర్క్‌లోడ్. వేరే వాళ్లు వచ్చి మా పేపర్లో వేలు పెడితే మా గంటలు పోతాయేమోనని ప్రతి డిపార్ట్‌మెంటుకూ భయం. పోస్టులు ఖాళీగా ఉండి, ఉన్నవాళ్లలో చాలామంది గెస్ట్ ఫ్యాకల్టీ అయిన చోట ఆ భయాన్ని తప్పుపట్టలేను. అందుకే కొత్త పేపర్లు పెట్టమని గానీ, ఒకరి గంటలు ఇంకొకరికి ఇమ్మని గానీ అడగడం లేదు. కామర్స్ బోర్డు కూర్చునే ముందు నెలలో రెండు పూటలు జువాలజీ, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, తెలుగు, కంప్యూటర్స్ వాళ్లను పిలిచి, సిలబస్ ముసాయిదా చేతికిచ్చి, "మీ పిల్లలూ మా పిల్లలూ కలిసి చేయగల లెక్క ఒకటి చెప్పండి" అని అడిగితే చాలు. అంతా అయ్యాక అకడమిక్ కౌన్సిల్‌లో అందరూ చెయ్యెత్తితే సంప్రదించినట్టు కాదు. వేసవిలో పిల్లలు చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు కామర్స్ నుంచి ఒకరు, సైన్స్ నుంచి ఒకరు గైడ్లుగా ఉంటే ఇంకా మంచిది.

నా వంతుగా ఒకటి చేయగలను. ఆరు పంటల లెక్కలు నా దగ్గర పూర్తిగా ఉన్నాయి: సీడ్ బిల్లు నుంచి పట్టుబడి చీటీ దాకా, వారం వారం వల వేసిన కౌంట్లతో సహా. రైతులను అడిగాను, పేర్లు తీసేసి ఇస్తే అభ్యంతరం లేదన్నారు. ఏ కాలేజీ కామర్స్, జువాలజీ డిపార్ట్‌మెంట్లు కలిసి అడిగినా కాపీలు తీసి ఇస్తాను. ఆదివారాలు నాకు సెలవు. పిల్లలను తీసుకొస్తే గట్టు మీదకు నేనే తీసుకెళ్తాను. పొద్దున్న ఆరింటికల్లా రావాలి, ఎండెక్కితే వల వేయనివ్వరు.

ఇట్లు,
ఒక బీకాం పూర్వ విద్యార్థి,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా