చత్వారం ఆపరేషన్: ముందే చెప్పరేం?

సంపాదకులకు,

తెనాలిలో నాది టైలరింగ్ షాపు. వయసు 52. చత్వారం వచ్చి దగ్గరివి సరిగా ఆనక, సూదిలో దారం ఎక్కించాలంటే మా అబ్బాయిని పిలవాల్సి వస్తోంది. ‘కళ్లద్దాలకు సెలవు’ అన్న బోర్డు చూసి ఓ కంటి ఆసుపత్రికి వెళ్తే, లేజర్‌తో ఒక కన్ను దూరానికి, రెండోది దగ్గరికి సరిచేస్తామన్నారు. దాంతో లోతు, దూరం అంచనా కాస్త తప్పొచ్చని గానీ, ముందు కాంటాక్ట్ లెన్సులతో కొన్నాళ్లు అలవాటు చేసుకుని చూడొచ్చని గానీ చెప్పలేదు. వేరే డాక్టరమ్మ చెబితే తెలిసింది. ఇంకో పద్ధతిలో, కంటి లోపలి కటకం తీసి మల్టీఫోకల్ లెన్స్ (దూరం, దగ్గర రెండూ కనిపించేలా చేసే లెన్స్) వేస్తే రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించొచ్చట. నేనేమో రోజూ చీకటిపడ్డాకే బండి మీద ఇంటికెళ్తాను! లేజర్ చేయించుకున్నా, చత్వారానికి కారణమైన కటకం గట్టిపడటం వయసుతో ఆగదు. ఇవన్నీ ప్యాకేజీ ధర రాసే కాగితం మీదే తెలుగులో వేసివ్వాలి. ప్రస్తుతానికి అద్దాలు పెట్టుకునే కాజాలు కుడుతున్నాను.

- ఒక దర్జీ, తెనాలి