ఆదిలాబాద్ కోర్టులో జరిగింది మా కోర్టులో ఎందుకు జరగదు?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2019 డిసెంబర్ 6 పొద్దున మా ఇంట్లో టీవీ ముందు అందరం నిలబడే ఉన్నాం. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు (ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య) నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారని వార్త. జనం వంతెన మీది నుంచి పోలీసుల మీద పూలు చల్లుతున్నారు. నేనూ చప్పట్లు కొట్టాను, ఇప్పుడు దాచుకోను. మా చిన్నమ్మ మాత్రం చాయ్ గ్లాసు చేతిలో అట్లాగే పట్టుకుని, "ఆ తల్లికి తొమ్మిది దినాల్ల తీరిపోయింది బిడ్డా. నాకెన్నడు తీరుతది?" అంది.

చిన్నమ్మ బిడ్డ 2016లో అత్తగారింట్లో చనిపోయింది. వరకట్నం చావు కింద కేసు పెట్టారు. ఛార్జిషీటు పడటానికే ఏడాది దాటింది. అప్పుడు మొదలైన పేషీలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

చిన్నమ్మ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉంది. ప్రతి పేషీ తేదీ, ఆ రోజు ఎందుకు వాయిదా పడిందో ఆమె కొడుకు అందులో రాస్తాడు. "జడ్జి సెలవు." "పీపీ (సర్కారు వకీలు) రాలే." "వకీళ్ల బాయ్‌కాట్." "రిపోర్టు రాలే." "సాక్షి రాలే." "జడ్జి బదిలీ." మొదటి పేజీల్లో అక్షరాలు పెద్దవి, గీత మీద నిలబడవు. అప్పుడు వాడు ఐదో తరగతి. తిప్పుతూ పోతే రాత కుదురుకుంటుంది, చివరి పేజీల్లో గబగబా రాసిన గొలుసు రాత. వాడిప్పుడు ఆటో నడుపుతున్నాడు.

అల్లుడి తండ్రి మీద ఒకసారి వారంటు పుట్టింది. "ఇంట్లో లేడు" అని తిరిగొచ్చింది. ఆ వారమే ఆ మనిషి సంతలో కోళ్లు బేరమాడుతూ మా వాళ్లకు ఎదురుపడ్డాడు. వారంటు పట్టుకెళ్లినాయనకు ఎంత ముట్టిందో ఊళ్లో చిన్న పిల్లలు కూడా చెబుతారు. కాయితాల నకళ్లకు వెళితే కట్టాల్సిన రుసుము ఒకటి, చాయ్ పైసలు ఇంకొకటి. కోర్టు వరండాలో బెంచీ మీద పొద్దుగూకేదాకా కూర్చుంటే బంట్రోతు వచ్చి వచ్చే తేదీ చెప్పి పోతాడు. లోపలికి పిలవను కూడా పిలవరు.

పోయిన ఏడాది ఇట్లాంటి ఒక పేషీ నుంచి వస్తూ బస్సులో కొడుకు అన్నాడట: "ఇంకెన్నేండ్లు తిరుగుతవమ్మా? నేను చూస్కుంట." ఆ రాత్రి చిన్నమ్మ నిద్రపోలేదు. బిడ్డ ఎట్లాగూ పోయింది, ఉన్న ఒక్క కొడుకును అదే కోర్టు బోనులో చూడాల్సి వస్తుందేమోనని ఆమె భయం. సార్, ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

వాడి కోపం నాకు అర్థమవుతుంది. 2004 ఆగస్టు 13న నాగపూర్‌లో అక్కూ యాదవ్ అనే రౌడీని బస్తీ ఆడవాళ్లు కోర్టు హాల్లోనే చంపేశారు. ఏళ్ల తరబడి ఫిర్యాదు చేసినా పోలీసులు పట్టించుకోకపోతేనే వాళ్లు అక్కడిదాకా వచ్చారు. కానీ కోపానికి ఎవరు దోషో తెలియదు సార్. 2018 మేలో మన హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్న వాట్సాప్ పుకారు నమ్మి, జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. ఆ గుంపు కూడా న్యాయమే చేస్తున్నామనుకుంది.

చటాన్‌పల్లి సంగతికే వస్తాను. దిశ కేసు కోసం మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు ఏర్పాటుకు ఉత్తర్వులు వచ్చాయి. అక్కడ ఒక్క సాక్షి నోరు విప్పకముందే నిందితులు చనిపోయారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, వాళ్లను చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలంది. 2022 మేలో ఆ నివేదికను హైకోర్టుకు పంపారు. ఆ అమ్మాయిని చంపింది వాళ్లేనని రుజువు చేసి, తీర్పు రాసి, ఆ తల్లిదండ్రుల చేతిలో పెట్టే అవకాశం మాత్రం మళ్లీ రాదు. మా చిన్నమ్మకు అట్లాంటి ముగింపు నేను కోరను. ఆమె కోరుకునేది కూడా అది కాదు. "నా బిడ్డ ఎట్ల సచ్చిందో జడ్జి నోటితోని ఇనాలె" అంటుంది.

అది కుదరని పని కాదు. దిశ ఘటనకు మూడు రోజుల ముందు, 2019 నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకుని బతికే ఒక పేద దళిత మహిళను ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. సమత కేసు అని పిలిచాం. ఆ కేసులో తూటా పేలలేదు. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు పెట్టారు, 2020 జనవరి 30న ముగ్గురికీ శిక్ష వేశారు. డెబ్బై రోజులు కూడా నిండలేదు. అంతకుముందు 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిబిడ్డను చంపిన కేసులో వరంగల్ కోర్టు ఆగస్టు 8కే ఉరిశిక్ష తీర్పు చెప్పింది. ఆ ఉరిశిక్షను హైకోర్టు తర్వాత యావజ్జీవంగా మార్చింది. ఉరి వేయడం మంచిదా కాదా అన్న వాదనలోకి నేను వెళ్లను. విచారణ జరిగింది, పై కోర్టు మళ్లీ తూచింది. ఆ కేసులో ఇవన్నీ ఒక్క ఏడాది లోపే.

ఇవన్నీ మన రాష్ట్రంలోనే, మన పోలీసులూ మన జడ్జిలే చేశారు. టీవీల్లో మోగిన కేసులు కాబట్టి పీపీ వచ్చాడు, ల్యాబ్ రిపోర్టు వచ్చింది, సమన్లు అందాయి. టీవీలో రాని మా కేసులో ఈ మూడూ రావడం లేదు.

కొత్త చట్టాలు చేయమని అడగను. పక్క రాష్ట్రం 2019లో 21 రోజుల దిశ బిల్లు పాస్ చేసింది, రాష్ట్రపతి ఆమోదమే రాలేదు. ఉన్న చట్టంలోనే, సాక్షుల విచారణ మొదలయ్యాక రోజు వెంట రోజు సాగాలని ఉంది. అత్యాచారం కేసుల్లో ఛార్జిషీటు పడ్డాక రెండు నెలల్లో విచారణ ముగియాలని ఉంది. కానీ కూర్చునే జడ్జి ఉండాలి కదా. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జిలు కావాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. దేశంలో ఇప్పటికీ 21 దగ్గరే ఉన్నాం.

జడ్జిల నియామకం మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. పీపీల నియామకం ప్రభుత్వానిదే. ఫోరెన్సిక్ ల్యాబ్ ప్రభుత్వానిదే. వారంటు పట్టుకెళ్లే పోలీసూ ప్రభుత్వ మనిషే. "ఇంట్లో లేడు" అని రాసి తెచ్చినప్పుడు, ఎప్పుడు వెళ్లాడో, ఇంట్లో ఎవరితో మాట్లాడాడో ఫోటోతో సహా కోర్టుకు చూపించాలన్న నిబంధన పెట్టండి. సాక్షి ఒక రోజు కూలి పోగొట్టుకుని వస్తాడు, అతని భత్యం ఆ సాయంత్రమే చేతికి అందేలా చూడండి. రెండేళ్లు దాటిన వరకట్నం చావు కేసులు, అత్యాచారం కేసులు ఏ కోర్టులో ఎన్ని ఉన్నాయో, ఎందుకు ఆగాయో జిల్లాల వారీగా బయటపెట్టండి.

మా కోర్టులో పీపీ కుర్చీ చాలాకాలంగా ఖాళీ. పక్క కోర్టు ఆయనే వీలున్నప్పుడు వచ్చి పోతున్నాడు. ఆ కుర్చీ ఎప్పుడు నిండుతుందో ఒక తేదీ చెప్పండి. చిన్నమ్మ కొడుకు ఆ నోట్‌బుక్కులో రాసుకుంటాడు. ఇంకా కొన్ని పేజీలు మిగిలి ఉన్నాయి.

ఇట్లు,
ఒక ఆడబిడ్డ అన్న