ఒరేయ్ అని పిలిచిన దూడలు

నిషి-కసాయి, టోక్యో
నవంబరు 17

అమ్మా,

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని తమ్ముడు నవ్వుతాడు. నవ్వనీ. ఫోన్లో నేను "అమ్మా" అనేలోపు వాడు లాక్కుంటాడు, నాన్న వెనకనుంచి "తిన్నదేమో అడుగు" అని కేకేస్తాడు, నువ్వేమో పాలకేంద్రానికి టైమైందని క్యాన్ తీసుకుని వెళ్ళిపోతావు. ఈ సంగతి అంత తొందర్లో చెప్పేది కాదు. పాలు పోసొచ్చాక కళ్ళజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుని నింపాదిగా చదువు.

నువ్వు అడిగేవి ముందే చెప్పేస్తున్నా. తింటున్నా. ఈ పేటలో మనవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి కందిపప్పుకీ చింతపండుకీ కొదవ లేదు. నడుంనొప్పి తగ్గింది. పెళ్ళి మాట జనవరిలో వచ్చాక.

నాలుగు నెలలుగా జపనీస్ నేర్చుకుంటున్నా కదా. పుస్తకంలో భాష వేరు, మనుషులు మాట్లాడుకునే భాష వేరు అని మా టీచరమ్మ ఒక బొమ్మల సీరియల్ చూడమంది. యానిమే అంటారు. చిన్నపిల్లల వ్యవహారం అనుకోకు, ఇక్కడ ఆఫీసులకెళ్ళే పెద్దవాళ్ళు కూడా చూస్తారు. దీని పేరు "గిన్ నో సాజి", అంటే వెండి చెంచా. 2013లో 11 భాగాలు, 2014లో ఇంకో 11 వచ్చాయి. భాష కోసం మొదలుపెట్టి, మూడో రోజుకి భాష సంగతి మర్చిపోయా.

కథలో హచికెన్ అని ఒక కుర్రాడు. ఊరు సప్పొరో, జపాన్‌కి ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలో పెద్ద పట్నం. ఎప్పుడూ మార్కులు, ర్యాంకులు. గుంటూరు హాస్టల్లో నాకు ఎలా ఉండేదో అలాగన్నమాట. ఒకరోజు ఆ పరుగులో చతికిలపడతాడు. తండ్రి ముఖం చూడలేక, ఇంటికి దూరంగా హాస్టల్ ఉన్న బడి అయితే చాలనుకుని వ్యవసాయ హైస్కూల్లో చేరతాడు. అక్కడ మిగతావాళ్ళంతా రైతుల పిల్లలు. ఒకడిది డెయిరీ, ఒకడివి కోళ్ళు, ఒకమ్మాయి ఇంట్లో గుర్రాలు. అందరికీ రేపు ఏం చెయ్యాలో తెలుసు. వీడికొక్కడికే తెలీదు. లెక్కల్లో ఫస్టు, కోడి గుడ్డు ఎక్కణ్ణించి వస్తుందో చూశాక మాత్రం ముద్ద దిగదు. ఆ చోటు చూసి "ఛీ" అన్నవాడే, కాసేపటికి వేడన్నంలో పచ్చి గుడ్డు కలుపుకుని తిని, ఇంత రుచేంటని ఆశ్చర్యపోతాడు. (ఇక్కడ పచ్చి గుడ్డు మామూలే. నేనింకా ఆ ధైర్యం చెయ్యలేదు.)

వాళ్ళన్న సంగతి చెబితే నువ్వు నవ్వుతావు. టోక్యో యూనివర్సిటీలో సీటు తెచ్చుకుని, మనకి ఐఐటీ లాంటిదనుకో, మధ్యలో మానేసి నూడుల్స్ కొట్లో వంట నేర్చుకుంటుంటాడు. మనింట్లో తమ్ముడు అలా చేస్తే నాన్న ఏమంటాడో ఊహించుకున్నా.

ఇది రాసినావిడ పేరు అరకావా హిరోము. ఊళ్ళు తెలియక టోక్యోలో కూర్చుని రాసిన మనిషి కాదు. హొక్కైడోలో తొకాచి అనే ప్రాంతంలో పాడి రైతుల ఇంట్లో పుట్టి, హైస్కూలయ్యాక ఏడేళ్ళు ఇంటి పొలంలో, పశువుల దగ్గర పనిచేసి, ఆ తర్వాతే బొమ్మలు గీయడానికి టోక్యో వచ్చింది. తన బొమ్మ వేసుకోవాల్సి వస్తే కళ్ళజోడు పెట్టుకున్న ఆవుని గీస్తుంది. అందుకే అందులో పేడ పేడలాగే ఉంటుంది. పచ్చగడ్డిలో దూడలు గంతులేసే కేలెండరు బొమ్మలా ఉండదు.

చూస్తూ చూస్తూ ఒకచోట ఆపేశా. సెలవుల్లో హచికెన్ ఆ గుర్రాల అమ్మాయి వాళ్ళ ఫారంలో కూలికి వెళ్తాడు. పాల గొట్టం సరిగ్గా తగిలించకపోవడంతో పాలన్నీ నేలపాలవుతాయి. వాడు కొయ్యబారిపోతాడు. నాకు మన చావిడి గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతి ఎండాకాలం సెలవులు, నేను దూడ వెంట పరిగెత్తుకొచ్చి బకెట్ తన్నేశాను చూడు. నురగ ఇంకా ఆరని పాలు, నీ కాళ్ళ కిందనుంచి పలుపు తాడు దాకా పారాయి. నువ్వు ఒక్క మాట అనలేదు. బకెట్ లేపి, అడుగున మిగిలిన పావు లీటరు గిన్నెలోకి ఒంపి, "ఇక్కడికెందుకొచ్చావు, పోయి చదువుకో పో" అన్నావు. ఆ పూట కేంద్రానికి మనం పాలు పొయ్యలేదు. కథలో కుర్రాడు కూలి డబ్బులు వద్దంటాడు. వాళ్ళు ఇచ్చే పంపిస్తారు, తప్పుకి తప్పు, పనికి పని అన్నట్టు. నాకు మాత్రం ఆ రోజు నుంచి చావిడి గడప దాటే పని లేకుండా పోయింది. "పేడ వాసన నీకెందుకు" అనేదానివి. చదువుకున్నా. చదువుకునే ఇక్కడికొచ్చా. కాదనను.

పోయిన నెల మూడు రోజులు సెలవులొస్తే తొకాచి వెళ్ళొచ్చా. ఒబిహిరో అని ఊరు, టోక్యో నుంచి విమానంలో గంటన్నర. విమానం దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే గళ్ళ దుప్పటి పరిచినట్టు పొలాలు. గాలికి అడ్డంగా గట్ల వెంట తిన్నగా చెట్ల వరసలు. బంగాళదుంప, గోధుమ, పంచదార తీసే బీటు దుంప, చిక్కుళ్ళు పండిస్తారు. ఒక్కో రైతుకి సగటున 40 హెక్టార్ల పైమాటే. అంటే మన లెక్కలో 100 ఎకరాలు! నాన్నకి చెప్పు, మన రెండెకరాలూ, కౌలు మూడూ కలిపి వీళ్ళ కళ్ళానికి సరిపోతాయని. అయినా అప్పులు లేవనుకోకు. కథలో కొమాబా అని ఒకడుంటాడు, బేస్‌బాల్ బాగా ఆడతాడు. తండ్రి పోయాడు. అప్పు తీరక వాళ్ళ డెయిరీ మూతపడుతుంది, ఆవులన్నీ లారీ ఎక్కుతాయి, వాడు బడి మానేస్తాడు. వాళ్ళ అప్పుకి హామీ ఉన్నది ఆ గుర్రాల అమ్మాయి ఇంటివాళ్ళే. ఆ దెబ్బ వీళ్ళ మీద పడుతుంది. "హామీ సంతకం" అన్న మాట జపనీస్‌లో నాకు తెలీదు, అయినా ఆ ఇంట్లో అందరూ మాట్లాడకుండా కూర్చున్న తీరు చూసి అర్థమైపోయింది. మనింట్లో ఆ మాట వస్తే నీ గిన్నెల చప్పుడు ఆగిపోయేది.

ఒబిహిరోలో ఒక ఫారంలో చేత్తో పాలు పితకనిస్తారంటే వెళ్ళా. పట్నం పిల్లల వరసలో నేనూ నిలబడ్డా. నల్లమచ్చల హోల్‌స్టీన్ ఆవు, నా భుజం దాకా ఉంది. మన గేదెకి దూడని వదిలితే కానీ చేపదు కదా. ఇక్కడ దూడని పుట్టిన ఒకటి రెండు రోజులకే వేరు చేసేస్తారు. పొదుగు కడిగి తుడిస్తే చాలు, చేపేస్తుంది. దినం మీద 30 లీటర్ల దాకా ఇచ్చేవి ఉంటాయట. ముక్కు విరవకు, వెన్న 4 శాతం దగ్గరే ఆగుతుంది. మన పాలకి 7 వస్తే తప్ప నీకు నిద్రపట్టదు. రేటు కోసమే అనుకో, అయినా మీటరు మీద ఆ అంకె కోసం నువ్వు చూసే చూపు నేను పదో తరగతి రిజల్ట్స్‌కి కూడా చూడలేదు.

నా వంతు వచ్చింది. చన్ను పట్టుకున్నా. వెచ్చగా, కాస్త గరుగ్గా ఉంది. నొక్కితే ఒక్క చుక్క రాలేదు. నీ చెయ్యి ఎలా కదిలేదో గుర్తు చేసుకున్నా. వేళ్ళకి నూనె రాసుకుని, బొటనవేలు లోపలికి మడిచి లాగేదానివి. అలా చేస్తే అక్కడి పెద్దాయన వద్దని చెయ్యి ఊపాడు. పైన బొటనవేలూ చూపుడువేలూ బిగించి, పాలు వెనక్కి పోకుండా ఆపి, మిగతా వేళ్ళు ఒకటి తర్వాత ఒకటి మూయాలట. లాగకూడదట. మూడోసారికి సన్నటి దారం నా చెప్పు మీద పడింది. పక్కనున్న ఐదేళ్ళ పిల్ల బకెట్లోకే పితికింది.

ఇండియానా అని అడిగాడు పెద్దాయన. అవునన్నా. మీ దగ్గర ఆవులెక్కువ కదా అన్నాడు. మాకు గేదెలున్నాయి, మా అమ్మ రోజూ రెండు పూటలా పితుకుతుంది అని వచ్చీరాని భాషలో చెప్పా. ఆయన నా చేతులకేసి చూసి, నవ్వి ఊరుకున్నాడు. ఏమైనా అని ఉంటే బాగుండేది.

ఆదివారం నాన్న కోసం ఒకటి చూశా. బాన్‌ఎయ్ అని గుర్రాల పందెం, ప్రపంచంలో ఈ ఒక్క ఊళ్ళోనే జరుగుతుంది. ఇదివరకు హొక్కైడోలో నాలుగు ఊళ్ళలో జరిగేదట, 2007 నుంచి ఇదొక్కటే మిగిలింది. పరుగు పందెం కాదు. టన్ను బరువుండే గుర్రాలు ఇనుప బండి లాగుతూ 200 మీటర్ల దారిలో రెండు దిబ్బలు ఎక్కి దిగాలి. అచ్చం మన ఎడ్ల బండలాగుడే! రెండో దిబ్బ ముందు తోలేవాడు పగ్గం బిగించి కావాలనే ఆపుతాడు, గుర్రం ఊపిరి తీసుకుంటుంది. చలికి ఆ ఊపిరి ఆవిరై కనిపిస్తోంది. మళ్ళీ అదిలించగానే జనం గుర్రంతో పాటు పక్కన నడుస్తూ అరుస్తారు. మూతి గీత దాటితే గెలిచినట్టు కాదు, బండి వెనక అంచు దాటాలి. తిరునాళ్ళలో నాన్న భుజాల మీద కూర్చుని చూసిన దుమ్మూ, మైకులో "ఆరు పళ్ళ విభాగం" అని అరిచే గొంతూ గుర్తొచ్చాయి. వీడియో తీశా, తమ్ముడి ఫోన్‌కి పంపుతా. నాన్నని ఒకసారి కాదు, నాలుగుసార్లు చూడనియ్యి.

ఇంకొక్కటి మిగిలింది అమ్మా. అసలు దానికోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టా, ఇంతసేపూ అటూ ఇటూ తిరిగా.

కథలో ఆ కుర్రాడికి ఒక పందిపిల్ల మీద మనసవుతుంది. అన్నిటికంటే చిన్నది. పాలెక్కువొచ్చే ముందు చన్నుల దగ్గర మిగతావి తోసేస్తే వెనక్కి పోయి నిలబడే రకం. రేపు కోతకి పోయేదానికి పేరెందుకురా అని తోటివాళ్ళు చెబుతారు. వినడు, "బుతాదోన్" అని పెట్టుకుంటాడు. అంటే వేడన్నం మీద పంది మాంసం పరిచి పెట్టే గిన్నె, ఒబిహిరోలో పేరున్న తిండి. (నేను తిన్నానా లేదా అని మాత్రం అడక్కు.) తినబోయేదన్న సంగతి మర్చిపోకుండా ఉండటానికి తిండి పేరే పెట్టాడు. మర్చిపోవడం కుదరక ఇంకా ఎక్కువ ప్రేమించాడు. సమయం వచ్చాక దాన్ని పంపించేశారు. సెలవుల్లో సంపాదించిన డబ్బులన్నీ పెట్టి ఆ మాంసం వాడే కొన్నాడు. ఉప్పు పట్టించి, పొగ పెట్టి, అందరికీ పంచి, తనూ తిన్నాడు. ఏడ్చాడు, బాగుందని కూడా అన్నాడు.

నువ్వు పెయ్యదూడలన్నిటికీ పేర్లు పెట్టేదానివి. గౌరి, చిట్టి, శుక్రవారం పుట్టిందని లచ్చిమి. దున్నదూడలకి మాత్రం పెట్టేదానివి కాదు. అన్నిటినీ "ఒరేయ్" అనే పిలిచేదానివి. నేను ఒకదానికి రాజు అని పెడితే ఎప్పుడూ లేనిది గట్టిగా కసిరావు. దసరా సెలవులకి వచ్చేసరికి అది లేదు. కట్టుకొయ్య ఉంది, తాడు లేదు. ఏదంటే "అమ్మేశాం" అన్నావు. ఎవరికని నేను అడగలేదు. పదమూడేళ్ళదాన్ని, నాకు తెలీక కాదు. పెరుగన్నం తింటూ ఊరుకున్నా. ఆ ఏడాది హాస్టల్ ఫీజు కాగితం మీద "చెల్లించారు" అని ముద్ర ఉంది.

ఇన్నేళ్ళూ నీకు వాటి మీద ప్రేమ లేక పేరు పెట్టలేదనుకున్నా. మొన్న ఆ భాగం చూశాక రాత్రి రెండింటిదాకా నిద్రపట్టలేదు. ఒరేయ్ అని నువ్వు ఇంకెవరినీ పిలవవు. తమ్ముణ్ణి తప్ప.

టికెట్టు తీసుకున్నా. జనవరి 10 రాత్రికి గన్నవరంలో దిగుతా. పండగ మూడు రోజులూ చావిడి పని నాది, బకెట్ తన్నను. అక్కడి పెద్దాయన నేర్పింది గేదెకి పనిచేస్తుందో లేదో చూడాలి, నువ్వు పక్కనుంటే చాలు.

అన్నట్టు, గేదె ఈనిందని తమ్ముడు మెసేజ్ పెట్టాడు కానీ ఏం పుట్టిందో రాయలేదు. పెయ్యా, దున్నా?

నీ
పెద్దది