డ్రమ్ములో తిరిగిన ఇంజిను నదిలో ఎందుకు లాగలేదంటే

మా వర్క్‌షాపులో పడవ ఇంజిన్లు ఇచ్చి డెలివరీ కోసం ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం. ఇదివరకు మూడు నాలుగు రోజుల్లో ఇచ్చే ఇంజినుకు ఇప్పుడు వారం, పది రోజులు పడుతోంది. ఎందుకో మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. నా వల్ల జరిగిన ఒక తప్పు తర్వాత పని పద్ధతి మార్చాను.

పోయిన నెల సీతానగరం వైపు నుంచి ఒక బాబాయి పాత 8 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిను తెచ్చారు. రెండేళ్లుగా షెడ్డులో పడి ఉందట. కార్బురేటర్‌లో పాత పెట్రోలు జిగురులా గట్టిపడింది. కింద గేర్ల ఆయిల్ వదిలితే పాలు కలిపిన కాఫీ రంగులో కారింది. అంటే సీలు పోయి నీళ్లు లోపలికి దిగాయి. సీళ్లు మార్చాం, కార్బురేటర్ విప్పి కడిగాం, ప్లగ్గులు కొత్తవి వేశాం. నీళ్ల పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుపోయాయి, అదీ మార్చాం. నీళ్ల డ్రమ్ములో పెట్టి 20 నిమిషాలు నడిపితే పక్క నుంచి నీళ్ల ధార చక్కగా వచ్చింది. మా కుర్రాడు వెళ్లి పడవకు బిగించి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోన్ చేశారు. "ఇంజిను అరుస్తోంది గానీ పడవ కదలట్లేదు బాబూ. తెడ్లు వేసుకుని ఒడ్డుకొచ్చాం." ఆ రోజు ప్రకాశం బ్యారేజీ గేట్లు మూసి ఉన్నాయి కాబట్టి నదిలో నీటి లాగుడు లేదు. 2024 సెప్టెంబరు వరదలో పెద్ద పెద్ద పడవలు కొట్టుకొచ్చి ఆ బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకోవడం మనమంతా చూశాం. నీటి వడి ఉన్న రోజున ఇదే జరిగి ఉంటే ఏమయ్యేదో అని నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

వెళ్లి టేపు పెట్టి కొలిచాను. ఆ ఇంజినుది 15 అంగుళాల పొట్టి షాఫ్టు, అంటే నీళ్లలోకి దిగే కాడ. ఇంజిను బిగించే పడవ వెనక పలక ఎత్తు 18 అంగుళాలు. కిందటేడు పడవ బాగు చేయించినప్పుడు పలక ఎత్తు పెంచారట. నీళ్లలో తిరిగే ఫ్యానుకు కాస్త పైన చదునుగా ఒక రేకు ఉంటుంది చూడండి, అది పడవ అడుగుకు సమానంగానో, ఒక అంగుళం కిందికో ఉండాలి. ఇక్కడ మూడు అంగుళాలు పైన ఉంది. అప్పుడు ఫ్యాను పైనుంచి గాలిని పీల్చుకుని నురగలో తిరుగుతుంది. లోడు లేక ఇంజిను అరుస్తుంది. పైగా చల్లబరిచే నీళ్లు లాగే రంధ్రాలకూ గాలే అందుతుంది, ఇంజిను వేడెక్కిపోతుంది. డ్రమ్ములో మేం ఆ రేకు మునిగేదాకా నీళ్లు పోశాం కాబట్టి లోపం బయటపడలేదు. ఇంజిను మొత్తం విప్పి చూసిన నేను పడవను ఒక్కసారి కూడా కొలవలేదు.

ఇంజిను పట్టేంత మేర పలకను కోసి, లోపలి వైపు గట్టి చెక్క వేసి, కోసిన అంచులకు రెజిన్ పూశాం. ఇప్పుడు పడవ బాగా లాగుతోంది. బిగింపు కూలీ బాబాయికి తిరిగి ఇచ్చేశాను, కోతకు ఏమీ తీసుకోలేదు.

అప్పటి నుంచి పడవ కొలత చూడకుండా ఏ ఇంజినూ బిగించడం లేదు. క్లాంపులు చేత్తో తిప్పి వదిలేయకుండా పలకలోంచి బోల్టులు వేస్తున్నాం, ఇంజినుకు గొలుసు కడుతున్నాం. తర్వాత ఇద్దరు మనుషులతో ఫుల్ త్రాటిల్ మీద నదిలో నడిపి, ఒడ్డుకు వచ్చాక బోల్టులు మళ్లీ బిగిస్తున్నాం. ఈ ట్రయల్‌కు పెట్రోలు మీది, కూలీ లేదు. ఆలస్యమంతా ఇక్కడే. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒకాయన పడవలో పలకకు స్క్రూడ్రైవర్ గుచ్చితే మెత్తగా దిగిపోయింది. పలక మార్చేదాకా బిగించనన్నాను. ఆయనకు కోపం వచ్చింది, అయినా ఆ మాట మార్చుకోను.

మీరు వచ్చేటప్పుడు పలక పైఅంచు నుంచి పడవ అడుగు దాకా ఎన్ని అంగుళాలో కొలిచి రాసుకురండి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి. ఇప్పుడు వచ్చే ఇథనాల్ పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను పాడు చేస్తుంది. టూ స్ట్రోక్ ఇంజిన్లలో బైకు ఆయిల్ పోయకండి, నీళ్లతో చల్లబడే ఇంజిన్లకు టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిలే వాడాలి. మీ ఇంజినుకు 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి, 25:1 అయితే 40.

ప్రస్తుతం షాపులో ఏడు ఇంజిన్లు ఉన్నాయి, వచ్చిన వరసలోనే చేస్తున్నాం. అంతవరకు ఆగలేని వాళ్లు చెప్పండి, అడ్వాన్సు ఆ రోజే తిరిగి ఇస్తాను. ఈ ఏడాది మా దగ్గర బిగించుకుని వెళ్లిన వాళ్లు మాత్రం ఒకసారి ఫోన్ చేయండి. నేనే మీ రేవుకు వచ్చి ఎత్తు కొలుస్తాను, దానికి డబ్బు తీసుకోను.