టైళ్లు సర్దిన మేస్త్రీగారికి, పాదాలు చూసిన నర్సమ్మగారికి

మన పార్కులో రావిచెట్టు దగ్గర లేచిపోయిన టైళ్లు సరిచేసినవాళ్లకూ, మొన్న ఆదివారం పాదాల పరీక్ష చేసినవాళ్లకూ వాకర్లందరి తరఫున ధన్యవాదాలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చేసిన పని మాత్రం వివరంగా రాస్తున్నాం, మిగతా పార్కులవాళ్లకూ పనికొస్తుంది.

ముందు మేస్త్రీగారు. వేరు పొంగి టైలు లేస్తే చాలాచోట్ల వేరునే నరికేస్తారు. పట్టు తప్పిన చెట్టు గాలివానకు ఏమవుతుందో, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ తుఫానుని చూసిన విశాఖకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన వేరు జోలికే పోలేదు. చుట్టూ రెండేసి అడుగుల మేర టైళ్లు తీసి, క్రషర్ డస్ట్ (రాతి పొడి) పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మెట్టులా కాకుండా వాలుగా కలిసేలా మళ్లీ పేర్చారు. నడిచేటప్పుడు బొటనవేలికీ నేలకూ మధ్య ఖాళీ ఒకటి రెండు సెంటీమీటర్లే ఉంటుంది. అందుకే పెద్ద గోతుల్ని అందరూ చూసి తప్పుకుంటారు గానీ, అరంగుళం లేచిన టైలుకు తన్నుకుని పడతారు. పడితే తుంటి ఎముక, లేదా మణికట్టు.

పాచి గీకిన కుర్రాళ్లకు కూడా థాంక్స్. బ్లీచింగ్ చల్లి వదిలేస్తే పాచి చచ్చి జారుడు పొరలా మిగులుతుంది. కొబ్బరి పీచు బ్రష్‌తో రుద్ది కడిగితేనే పోతుంది. వాళ్లు రుద్దారు.

ఇక పాదాల పరీక్ష. రిటైరైన నర్సమ్మగారు పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం తెచ్చారు. కళ్లు మూసుకోమని, బొటనవేలి కింద, వేళ్ల మొదళ్ల దగ్గర, ఆ దారం వంగేదాకా ఆనించి, తగిలిందా అని అడుగుతారు. కాయ కట్టిన చోట ఆనించరు, అక్కడ మామూలువాళ్లకూ తెలియదు. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి తగిలిన సంగతే తెలియలేదు. మంట, నొప్పి లేవు కదా, పాదాలు బాగున్నాయనుకుంటారు. స్పర్శ పోయిన పాదానికి నొప్పి ఎక్కడిది? అలాంటివాళ్లు గులకరాళ్ల ఆక్యుప్రెషర్ బాట మీద ఒట్టి కాళ్లతో నడవకూడదు. రాయి గుచ్చుకున్నా, ఎండకు కాలినా తెలియక, రెండు రోజుల తర్వాత సాక్సుకు తడి అంటితే బయటపడుతుంది. రోజూ రాత్రి అద్దం నేల మీద పెట్టి అరికాలు చూసుకోమన్నారు. వేళ్ల మధ్య తడి తుడుచుకోవాలి, మన ఉక్కపోతలో అక్కడే పగుళ్లు, ఫంగస్ మొదలవుతాయి. బూట్లు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

ఫిజియోథెరపిస్టు మేడమ్ వేగం చూపించారు. 15 సెకన్లలో 25 అడుగులు పడితే నిమిషానికి వంద, అది చురుకైన నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అలా వారానికి 150 నిమిషాలు. పిక్కల కండరాలు బిగిసి వదులుతుంటే కాళ్లలోని రక్తం పైకి, గుండెకు వెళ్తుంది. కబుర్లు చెప్పుకుంటూ ఈడ్చే నడకలో ఆ పని అంత బాగా జరగదు (కబుర్లు మానమని కాదు). భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడిస్తే షుగర్ అంతగా ఎగబాకదు. ఎప్పుడూ ఒకే దిశలో తిరగొద్దు, బాట ఒకవైపుకు వాలి ఉంటే ఒక మోకాలే భారం మోస్తుంది. సగం రౌండ్లు ఇటు, సగం అటు.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ (షుగర్ మాత్ర) వాడేవాళ్లకు నడకలో షుగర్ మరీ పడిపోవచ్చు, జేబులో మూడు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి. చెమటలు, వణుకు వస్తే కూర్చుని వెంటనే నోట్లో వేసుకోవాలి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా రక్తంలో కలుస్తుంది. గుండెలో బరువు, దవడకో ఎడమ చేతికో లాగుడు వస్తే రౌండు పూర్తి చేద్దామనుకోవద్దు, 108.

వేసవిలో మనకు సూర్యుడు అయిదున్నర లోపే వచ్చేస్తాడు, హైదరాబాద్ కంటే దాదాపు ఇరవై నిమిషాలు ముందు. ఏడు దాటాక సముద్రపు తేమకు చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే గేటు ముందుగా తీస్తున్న వాచ్‌మన్ గారికి, నడక అయ్యాక పంచదార లేకుండా చోడి (రాగి) అంబలి పోస్తున్న అమ్మకూ దండాలు.

రెండు బస్తాల క్రషర్ డస్ట్ మిగిలింది, తోటమాలి షెడ్డులో ఉంది. వేపచెట్టు మలుపులో ఇంకో మూడు టైళ్లు ఊగుతున్నాయి. వచ్చే ఆదివారం ఆరింటికి వచ్చేవాళ్లు ఒక పార, ఒక పీచు బ్రష్ తెచ్చుకోండి. దిమ్మిస మేస్త్రీగారే తెస్తామన్నారు.